నూనె మిల్లు ఫైలు: ఒక రివాల్వర్ లైసెన్స్ ఎంక్వైరీ

ముప్పై రెండేళ్ల పోలీసు ఉద్యోగంలో ఆయుధ లైసెన్స్ ఎంక్వైరీలు ఎన్ని చేశానో లెక్క లేదు. చాలావాటికి నేను పెట్టిన టైము అరగంట. ఎస్ఐ రాసిచ్చిన రిపోర్టు చదవడం, స్టేషన్ రికార్డులో కేసులున్నాయేమో చూడటం, కింద "నథింగ్ అడ్వర్స్" (అభ్యంతరకరమైనదేమీ లేదు) అని రాసి సంతకం పెట్టడం. ఈ ఒక్క ఫైలు మాత్రం నన్ను మూడు నెలలు తిప్పింది. కొత్తగా సీఐ అయిన కుర్రవాళ్లు అడిగినప్పుడల్లా నోటితో చెబుతూ వచ్చాను, ఇప్పుడు రాసి పెడుతున్నాను. రాయలసీమలో ఒక సర్కిల్ అనుకోండి. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను.

దరఖాస్తుదారుకి 46 ఏళ్లు. వేరుశనగ నూనె మిల్లు యజమాని. 2020 చివర్లో కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టాడు. అడిగినవి రెండు. మొదటిది, తండ్రి పేరు మీదున్న 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ లైసెన్స్ తన పేరుకి మార్చడం. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం లైసెన్స్‌దారుకి 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా తన దగ్గరున్నా, తాను కోరిన వారసుడికి దాన్ని ఇప్పించుకోవచ్చు. పెద్దాయనకి 78, తుపాకీ 1983 నుంచి ఉంది. రెండూ సరిపోయాయి. రెండోది, కొత్తగా ఒక .32 రివాల్వర్. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర మూడు కాదు, రెండు ఆయుధాలే ఉండాలి. రెండూ వస్తే ఇతనికి సరిగ్గా రెండు. లెక్క తెలిసిన మనిషే.

కారణం కింద రాసింది: వ్యాపారం పనిమీద నగదు తీసుకెళ్తుంటాను, దాయాదులతో పొలం గట్టు తగాదా ఉంది, ప్రాణభయం ఉంది.

ఎస్ఐ రిపోర్టు నాలుగు లైన్లు. కేసులు లేవు, ఊళ్లో మంచి పేరుంది, ఆదాయపు పన్ను కడతాడు, సిఫారసు చేయవచ్చు. మెడికల్ సర్టిఫికేట్ కూడా జతచేసి ఉంది. శారీరకంగా, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నాడని ఒక డాక్టరు సంతకం. ఆ కాగితం ఎలా వచ్చిందో తర్వాత తెలిసింది. "నిద్ర పడుతోందా" అని కూడా ఎవరూ అడగలేదట.

నేను ఆ ఇంటికి ఎందుకు వెళ్లానంటే నిజం చెప్పాలి, గొప్ప అనుమానం ఏమీ కాదు. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు, నాలుగు విడతలు. లైసెన్స్ తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చేయించే పని నెత్తిమీదుంది. ఆ ఊరు సమస్యాత్మక గ్రామాల జాబితాలో ఉంది. పనిలో పనిగా చూసొద్దామని వెళ్లాను.

తుపాకీ హాల్లో, తలుపు వెనక మేకులకి వేలాడుతోంది. చిన్నపిల్లాడు స్టూలు వేసుకుంటే అందే ఎత్తు. తూటాలు దేవుడి గూట్లో, అగరుబత్తీల పక్కన డబ్బాలో. పెద్దాయన నన్ను కూర్చోబెట్టి లైసెన్స్ పుస్తకం చూపించాడు. పుస్తకం లెక్క ప్రకారం 22 ఉండాలి. లెక్కపెడితే 19.

"మూడు ఏమైనాయి పెద్దాయనా?"

"మేనల్లుడి పెండ్లికి గాల్లోకి పేల్చినాం నాయనా, అదేం తప్పా?"

2018 నాటి పెళ్లి. వేడుకల్లో ఇతరుల ప్రాణం మీదికి వచ్చేలా తుపాకీ పేల్చడాన్ని ప్రత్యేక నేరం చేసింది 2019 సవరణ. రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఆ సెక్షన్ అప్పటికి పుట్టలేదు. అయినా తుపాకీ ఇచ్చింది ఆత్మరక్షణకి, పెళ్లి ఊరేగింపుకి కాదు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

తర్వాత మంచినీళ్లు అడిగాను. ఇది నా పాత అలవాటు. నీళ్లు అడిగితే హాలు దాటి వంటింటి గుమ్మం దాకా వెళ్లే అవకాశం వస్తుంది. మగవాళ్లు వినని చోట ఆడవాళ్లు ఏదో ఒకటి చెబుతారు. గ్లాసు ఇస్తూ ఆ ఇంటి కోడలు, దరఖాస్తుదారు భార్య, చాలా చిన్న గొంతుతో అంది: "సార్, మీ కాళ్లు పట్టుకుంటా, ఆ కొత్తది ఇప్పించొద్దు. ఉన్నదాన్ని కూడా తీస్కపోండి."

ఆమె చెప్పింది ఇది: మిల్లుకి కరోనా ఏడాదిలో పెద్ద దెబ్బ తగిలింది. బయట వడ్డీకి తెచ్చిన అప్పులు. ఆరు నెలలుగా మనిషి రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, అన్నం సరిగా తినడు. ఒకటి రెండు రాత్రులు హాల్లో దీపం కూడా వేసుకోకుండా ఆ తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె లేచి వస్తే "తుడుస్తున్నా, పడుకో" అన్నాడు. పదహారేళ్ల కొడుకు కూడా చూశాడట.

అప్పటిదాకా ఆ ఫైల్లో నేను వెతికింది బయటి శత్రువుని. దాయాదుల మీద పాత కేసులు తిరగేస్తున్నాను, ఎస్ఐని గట్టు తగాదా స్టేట్‌మెంట్లు తెమ్మన్నాను. దరఖాస్తు ఫారం అడిగేదీ దాదాపు అదే: నీకు ఎవరి నుంచి ప్రమాదం? తుపాకీ ఉన్న ఇంట్లో ఇంకెవరున్నారు, వాళ్లు ఏమంటారు అని ఇంటి ఆడవాళ్లని అడగమని మా డ్యూటీలో ఎవరూ నేర్పలేదు.

ఇక్కడి నుంచి కష్టం మొదలైంది. ఆమె చెప్పింది రిపోర్టులో రాస్తే అది కలెక్టర్ దాకా వెళ్తుంది. దరఖాస్తు తిరస్కరిస్తే ఆయుధాల చట్టం 14వ సెక్షన్ ప్రకారం కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి, అడిగితే అతనికి తెలియజేయాలి. అప్పీలుకి వెళ్తే లాయరు మొదట లాగేది నా రిపోర్టే. "భార్య ఇలా చెప్పింది" అన్న వాక్యం ఆ ఇంట్లో ఏం చేస్తుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. రాయకపోతే, రేపు ఏదైనా జరిగితే నా సంతకం ఉంటుంది.

చేసింది ఇది. ఎన్నికల కోడ్ ఉంది కాబట్టి ఊళ్లో లైసెన్సున్న అందరితో పాటు ఆ తుపాకీని, 19 తూటాలని స్టేషన్లో డిపాజిట్ చేయించి రసీదు ఇచ్చాం. అదే వారం ఆ మండలంలో ఇంకా పదకొండు తుపాకులు వచ్చాయి కాబట్టి ఎవరికీ ఏ అనుమానం రాలేదు. ఎన్నికలు అయిపోయాక తిరిగి ఇవ్వాలి కదా. అప్పుడు తూటాల లెక్క తేడా, తలుపు వెనక మేకు, దేవుడి గూట్లో డబ్బా, ఈ మూడూ నా కళ్లతో చూసినవి కాబట్టి లైసెన్స్ షరతుల ఉల్లంఘన కింద షోకాజ్‌కి (సంజాయిషీ నోటీసుకి) సిఫారసు రాశాను. ఇనప బీరువా బిగించి, తాళం ఎవరి దగ్గరుంటుందో రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆయుధం స్టేషన్లోనే ఉంటుంది. ఎవరి మాటా వాడకుండా ఇంట్లోంచి తుపాకీ బయటికి వచ్చింది. ఇది అడ్డదారే కదా అని ఒక బ్యాచ్‌మేట్ అన్నాడు. అవును, కానీ చట్టం లోపలి అడ్డదారి.

ఇక రివాల్వర్ సంగతి. మిల్లాయన నన్ను కలవడానికి మూడుసార్లు వచ్చాడు. ఒకసారి మిల్లులోనే, గానుగ వాసన మధ్య, గంటన్నర కూర్చున్నాం. ఆయన బావమరిది టెక్సాస్‌లో ఉంటాడు. రోజూ వాట్సాప్‌లో ఏదో ఒకటి పంపుతుంటాడట, ఫోన్ తీసి చూపించాడు.

మొదటిది గాంధీ గారి మాట. భారతదేశంలో బ్రిటిష్ వాళ్లు చేసిన చెడ్డ పనుల్లో జనం దగ్గర ఆయుధాలు లాక్కున్న చట్టమే అన్నిటికన్నా నల్లనిదిగా చరిత్రలో నిలుస్తుందని. అబద్ధం కాదు, 1918లో గుజరాత్‌లోని ఖేడాలో సైన్యంలో చేరమని పంచిన కరపత్రంలో ఆయన అలాగే రాశాడు. ఆయన తిట్టింది వైస్రాయి లిట్టన్ కాలపు 1878 ఆయుధాల చట్టాన్ని. అందులో యూరోపియన్లకి లైసెన్స్ అక్కర్లేదు, మనవాళ్లకి కావాలి. దాన్ని తీసేసి స్వతంత్ర భారత పార్లమెంటు 1959లో తెచ్చిన చట్టమే నేను అమలు చేస్తున్నది. "ఆ కోపం నాకూ ఉంది సార్, కానీ ఇది ఆ చట్టం కాదు" అన్నాను.

రెండోది అమెరికా లెక్క. అక్కడ జనం కంటే తుపాకులే ఎక్కువ. స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ 2017 అంచనా ప్రకారం వంద మందికి 120. మన దేశంలో వందకి 5. 1990ల మొదటి నుంచి ఇరవై ఏళ్లు అక్కడ తుపాకులు పెరుగుతూ పోతే హత్యలు తగ్గుతూ వచ్చాయి, కాబట్టి తుపాకీ ఉంటే దొంగ భయపడతాడని బావమరిది వాదం. ఆ తగ్గుదల నిజమే. 2020లో అక్కడ తుపాకుల అమ్మకాలు రికార్డు స్థాయికి వెళ్లాయి, అదే ఏడాది హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి. అదీ నిజమే. ఒక లైను పైకి, ఒక లైను కిందికి వెళ్తే ఒకదానివల్ల ఇంకొకటి జరిగిందని రాస్తే మా ట్రైనింగ్ కాలేజీలో కూడా సున్నా వేస్తారు. స్విట్జర్లాండ్‌లో వందకి 27 తుపాకులున్నా హత్యలు చాలా తక్కువ అని కూడా పంపాడు. సరే, మరి అక్కడ తుపాకీతో చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఎలా చనిపోతున్నారో కూడా పంపమనండి అన్నాను. దానికి జవాబు రాలేదు. ఆత్మహత్యలు.

అమెరికాలో కూడా అంతే. 2021లో తుపాకీ వల్ల చనిపోయినవాళ్లు 48,830 మంది. అందులో హత్యలు 21 వేల లోపు, ఆత్మహత్యలు 26 వేల పైన. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మంది వివరాలతో పన్నెండేళ్లకు పైగా కాలాన్ని చూసి చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. చేతి తుపాకీ ఉన్న మగవాళ్లు తుపాకీతో ప్రాణం తీసుకునే అవకాశం, లేనివాళ్లతో పోలిస్తే ఎనిమిది రెట్లు. ఆ కాలిఫోర్నియా అంకెలు ఆయన ముందు చదువుతున్నప్పుడు ఆయన ఫోన్ స్క్రీన్ వైపే చూస్తున్నాడు. నేను ఏ ఉద్దేశంతో చెబుతున్నానో ఆయనకి అర్థమైందనే అనుకుంటాను. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఆయన వాదనలో ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ గట్టిగా తగులుతుంది. "సార్, నరికేవాడు లైసెన్స్ అడగడానికి మీ దగ్గరికి వస్తాడా?" రాడు. మన దేశంలో తుపాకీ హత్యల్లో లైసెన్స్ లేని ఆయుధాలదే సింహభాగమని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలే ఏటా చెబుతాయి. బీహార్‌లోని ముంగేర్ వైపు నుంచి వచ్చే నాటు పిస్టళ్లకి నా రిపోర్టు అక్కర్లేదు. ఇంకా ముందుకెళ్తే, మా సీమలో ఫ్యాక్షన్ నడిచిన ముప్పై నలభై ఏళ్లలో చచ్చినవాళ్లని చంపింది ఎక్కువగా నాటుబాంబులు, వేటకొడవళ్లు. లైసెన్స్ ఎంత బిగించినా వాటిమీద పనిచెయ్యదు. తుపాకీ చట్టం నేరాల రేటుని ఇట్టే తగ్గిస్తుందని చెప్పే పోలీసుని నేను నమ్మను.

కానీ అదే సీమ ఇంకో పాఠం కూడా చెబుతుంది. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ ఆఫీసు ఆవరణలో ఎమ్మెల్యే పరిటాల రవిని కాల్చి చంపినప్పుడు ఆయన పక్కన గన్‌మన్ ఉన్నాడు. ఆ గన్‌మన్ కూడా చనిపోయాడు. 2011 జనవరిలో హైదరాబాద్‌లో ఆయన ప్రత్యర్థి మద్దెలచెరువు సూరిని అదే కారులో ఉన్న సొంత మనిషే కాల్చాడు. వీళ్ల చుట్టూ ఆయుధాలకి కొదవ లేదు. దాడి చేసేవాడు సమయం తాను ఎంచుకుంటాడు, తుపాకీ ఉన్నవాడు నడుం మీద చెయ్యి పెట్టేలోపే పని అయిపోతుంది. ఇంకోవైపు చూస్తే, 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ దగ్గర మొదలైన గొడవ పాత రాజకీయ కక్షతో కలిసి ముదిరి, ఒక స్థానిక నాయకుడు లైసెన్స్ తుపాకీతోనే కాల్చాడు. గాయపడినవారిలో ఒకరు చనిపోయారు. ఆ లైసెన్స్ వెనక కూడా ఎవరో ఒక సీఐ సంతకం ఉండే ఉంటుంది. "నథింగ్ అడ్వర్స్" అనే రాసి ఉంటాడు.

ఆస్ట్రేలియా దారి వేరు. 1996 ఏప్రిల్ 28న పోర్ట్ ఆర్థర్‌లో ఒక్కడు 35 మందిని చంపాక రెండు వారాలు తిరక్కుండానే అన్ని రాష్ట్రాలూ ఒప్పందానికి వచ్చాయి. ఆరున్నర లక్షల తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకున్నారు. ఆత్మరక్షణ కోసం అంటే అక్కడ లైసెన్స్ ఇవ్వరు, అది సరైన కారణమే కాదు. తుపాకీ మరణాలు తగ్గాయి. అంతకుముందు నుంచే తగ్గుతున్నాయి కదా అనే వాదన కూడా ఉంది. మన చట్టం అంత దూరం వెళ్లదు. ఇరవై అంగుళాలకి తగ్గని నున్నటి గొట్టమున్న తుపాకీని ఆత్మరక్షణకి అడిగితే, తిరస్కరించే కారణాలేవీ లేకపోతే ఇవ్వాలి అంటుంది. రివాల్వర్‌కి "తగిన కారణం" కావాలి. చొక్కా కింద దాగేదానికి, దాగనిదానికి చట్టమే తేడా పెట్టింది. నా రిపోర్టు ఈ తేడా మీదే నిలబడింది.

తగిన కారణం ఉందా అని లెక్కలు చూశాను. గట్టు తగాదాలో నాలుగేళ్లుగా ఒక్క ఫిర్యాదు లేదు. ఆ దాయాదులు మొన్న సంక్రాంతికి ఇతని ఇంటికి భోజనానికి వచ్చారు. నగదు సంగతి అడిగితే వారానికి రెండుసార్లు మూడు నాలుగు లక్షలు బండిమీద మార్కెట్ యార్డుకి తీసుకెళ్తాడు. "ఆన్‌లైన్లో ఎందుకు వేయరు?" అంటే రైతులు నగదే అడుగుతారన్నాడు. కొంతవరకు నిజం. ప్రమాదం లేదని రాయలేదు. ప్రమాదం ఉంది, అది వేళ మార్చడం, దారి మార్చడం, ఇద్దరు వెళ్లడం, బ్యాంకు వాడటంతో తగ్గేది, రివాల్వర్‌తో తగ్గుతుందనడానికి ఆధారం లేదు అని రాశాను. ఉన్న తుపాకీనే భద్రంగా ఉంచని ఇంటికి రెండోది సిఫారసు చేయలేనని రాశాను. మెడికల్ సర్టిఫికేట్ పాత తేదీది కాబట్టి జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం నుంచి కొత్తది తీసుకోవాలని ఒక వాక్యం చేర్చాను. అసలు గురి ఆ వాక్యమే.

ఎస్పీ గారు ఒక్క ప్రశ్న అడిగారు: "దీనికి సైకియాట్రీ ఎందుకయ్యా, రొటీన్‌గా అడగం కదా?" మౌఖికంగా చెప్పాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా ఫార్వర్డ్ చేశారు.

రివాల్వర్ తిరస్కరించారు. తండ్రి తుపాకీ బదిలీ పెండింగ్‌లో పెట్టారు. మిల్లాయన ఊళ్లో నా గురించి అనరాని మాటలన్నీ అన్నాడు. డబ్బులు ఆశించి ఆపానని కూడా. అది వినడం బాధే. కానీ ఆ సర్టిఫికేట్ కోసమైనా డాక్టరు దగ్గరికి వెళ్లాడు. మొదటిసారి కోపంతో, రెండోసారి భార్యతో కలిసి. మందులు మొదలుపెట్టారు. నాకు ఈ సంగతి చెప్పింది ఆమె తమ్ముడు, ఏడాది తర్వాత, బస్టాండులో కనబడి.

కథ ఇక్కడ ఆపితే నేను గెలిచినట్టు ఉంటుంది. 2022 సెప్టెంబర్‌లో, సాయంత్రం ఏడింటికి, యార్డు నుంచి వస్తున్న మిల్లాయన బండిని కల్వర్టు దగ్గర ఇద్దరు ఆపారు. కళ్లల్లో కారం కొట్టి, చేతి మీద కట్టెతో బాది, సంచి లాక్కుపోయారు. మూడు లక్షల ఎనభై వేలు. ఎడమ చెయ్యి విరిగింది. నేను ఆసుపత్రికి వెళ్లాను. నన్ను చూసి ఆయన ఒకటే అన్నాడు: "ఇప్పుడు చెప్పండి సార్."

ఏం చెప్పను? కళ్లల్లో కారం పడ్డవాడు రివాల్వర్ తీయలేడు, తీస్తే అది కూడా వాళ్ల చేతికే పోయేది, అప్పుడు ఆ తుపాకీ ఇంకో కేసులో తేలేది. ఇవన్నీ నాకు తెలుసు. కట్టుకట్టిన చెయ్యితో మంచం మీదున్న మనిషికి ఆ మాటలు చెప్పలేదు. అతని నడుం మీద తుపాకీ ఉందని ఊరందరికీ తెలిసి ఉంటే ఆ ఇద్దరూ ఇంకో బండిని ఎంచుకునేవారేమో. ఆ "ఏమో"ని కొట్టిపారేయడానికి నా దగ్గర ఏ లెక్కా లేదు. పదకొండు రోజుల్లో ఇద్దర్నీ పట్టుకున్నాం, ఒకడు మిల్లులో మునుపు పనిచేసినవాడే. డబ్బులో లక్షా పదివేలు దొరికాయి.

2023లో రిటైరయ్యాను. పెద్దాయన ఆ తర్వాతి ఏడాది పోయాడు. 12 బోరు తుపాకీ ఇంకా స్టేషన్ మాల్‌ఖానాలో, ట్యాగు కట్టి ఉంది. మొన్న నా కుర్చీలో ఉన్న సీఐ ఫోన్ చేశాడు. మిల్లాయన మళ్లీ దరఖాస్తు పెట్టాడట. తండ్రి తుపాకీకి, రివాల్వర్‌కి రెండింటికీ. కొత్త సైకియాట్రీ సర్టిఫికేట్ శుభ్రంగా ఉంది. ఇనప బీరువా ఫొటో జత చేశాడు. దారి దోపిడీ ఎఫ్ఐఆర్ కాపీ కూడా. నా పాత రిపోర్టు ఫైల్లో కనిపించి ఫోన్ చేశానన్నాడు.

"ఇంట్లో ఆమె ఏమంటోంది?" అని అడిగాను.

"వెళ్లొచ్చాను సార్, మీరు చెప్పినట్టే నీళ్లడిగాను. ఇప్పించండి అంటోంది. రోజూ ఏడు దాటితే గుండె దడ, ఆయన ఇంటికొచ్చేదాకా వాకిట్లోనే నిలబడుతున్నానంది."

"కొడుకు?"

"హైదరాబాద్‌లో ఇంజనీరింగ్. సెలవులకి వస్తాడు."

నువ్వేం రాయదలుచుకున్నావు అంటే, మీరైతే ఏం రాస్తారు సార్ అన్నాడు. ఆ కొడుకు సెలవులకి వచ్చినప్పుడు ఒకసారి వెళ్లి అతనితో విడిగా మాట్లాడు, బీరువా తాళం ఎక్కడుంటుందో అతన్నే అడుగు, అప్పటిదాకా ఏమీ రాయకు అన్నాను. రిపోర్టుకి 30 రోజులే గడువు సార్ అన్నాడు. దసరా సెలవులకి ఇంకా నలభై రోజులుంది.